నా సంస్కారం వల్ల ఓడిపోయిన రేసు

కెనడా రాజధాని ఒట్టావాని ఆనుకుని ఉన్న కనాటాలో, మా తెలుగువాళ్ల మధ్య నా గురించి ఒక కథ తిరుగుతూ ఉంటుంది. రోయింగ్ మెషీన్ల మీద రిలే రేసు జరుగుతుంటే, వయసులో నాకంటే పెద్దాయనకి నా కాలు తగిలిందని, నేను రేసు సంగతి వదిలేసి ఆయన్ని తాకి చేతిని కళ్లకద్దుకున్నానని, దానివల్ల మా టీమ్ ఓడిపోయిందని ఆ కథ. వినేవాళ్లు "ఈ రోజుల్లో అంత సంస్కారం ఎవరికుందండీ" అంటారు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకి నన్ను వేలు పెట్టి చూపిస్తారు. నేను చేతిలో ప్లేటుతో, తల కాస్త వంచి, అదేం పెద్ద విషయం కాదన్నట్టు నవ్వుతాను. ఆ నవ్వు నాకు చాలా బాగా కుదిరింది.

కథలో ఉన్నదంతా జరిగిందే. కానీ అంతకు వారం ముందు నేను చేసిన పని అందులో లేదు. ఆ పెద్దాయన ఆ రోజు నా కాళ్ల దగ్గర కూర్చోవాల్సిన మనిషి కాదు. సీటులో కూర్చోవాల్సిన మనిషి. ఆయన సీటు నేను అబద్ధం చెప్పి తీసుకున్నాను. ఆ ఒక్క ముక్కా మొన్నమొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నాకు ఆటలతో ఏనాడూ సంబంధం లేదు. స్కూల్లో కబడ్డీ ఆడేవాళ్ల చెప్పులకి కాపలా కూర్చునేవాణ్ణి. నలభై దాటాక ఒక చలికాలం, షూ లేసులు కట్టుకుందామని వంగి ఎంతకీ లేవకపోతే మా ఆవిడ వచ్చి "ఏం పోయిందండీ, వెతుకుతున్నారు?" అని అడిగింది. ఆ వారమే మా ఇంటి దగ్గరి కమ్యూనిటీ సెంటర్లో తెలుగువాళ్లు కొందరు చేసే రోయింగ్ ప్రాక్టీసులో చేరాను.

రోయింగ్ అన్నానని పడవ, నీళ్లు ఊహించుకోకండి. బయట మోకాలి లోతు మంచు. లోపల, నేల మీద మెషీన్. ముందుకీ వెనక్కీ జారే సీటు, చైనుకి తగిలించిన హ్యాండిల్, ఎదురుగా చిన్న తెర. పాదాలు పలకలకి ఆనించి, కాళ్లతో తన్నుకుంటూ హ్యాండిల్ని లాగాలి. ఎంత లాగినా ఉన్నచోటే ఉంటాం. ఆఫీసులో ఏళ్ల తరబడి నేను చేస్తున్నదీ అదే కాబట్టి తొందరగానే అలవాటైంది. తెర మీద ఒక అంకె కనిపిస్తుంది. ఇదే ఊపున లాగితే ఐదువందల మీటర్లకి ఎంతసేపు పడుతుందో చెప్పే అంకె. అది ఎంత తగ్గితే మనం అంత బాగా లాగుతున్నట్టు. రెండు పదిహేను అంటే రెండు నిమిషాల పదిహేను సెకన్లు.

మా కెప్టెన్‌ది ఖమ్మం. అందరికీ అక్క. ఎండాకాలంలో నది మీద నిజం పడవలు నడిపిన మనిషి. యాభై దాటినా మా మగాళ్లెవరం ఆవిడ అంకె దరిదాపులకి పోలేకపోయేవాళ్లం. ఆవిడకి మాతో ఒకటే తలనొప్పి. దాదాపు అందరం ఇంజినీర్లం. ఇంజినీరు ఎదురుగా అంకె పెడితే చేస్తున్న పని మానేసి లెక్క వేస్తాడు. ఒకసారి మాలో ఒకడు సగం దూరంలో నెమ్మదించి, "అక్కా, ఇప్పటిదాకా యావరేజ్ బాగుంది, ఇక మెల్లగా లాగినా టార్గెట్ వచ్చేస్తుంది" అన్నాడు.

"నువ్వు లాగనీకి వచ్చినవా, ఆడిట్ చేయనీకి వచ్చినవా?" అని అక్క తన భుజం మీది తువ్వాలు తీసి తెర మీద కప్పేసింది.

అప్పటినుంచి మా దగ్గర అదే పద్ధతి. గట్టి ప్రాక్టీసు ఏదైనా తెర మీద తువ్వాలు ఉంటుంది. పక్కన ఒకరు కూర్చుని, తువ్వాలు కొస ఎత్తి చూస్తూ, అంకె పైకి చదువుతూ ఉంటారు. లాగేవాడు ఆ గొంతుని నమ్ముకుని లాగుతాడు. తన పని కాగానే తర్వాతివాడికి చదవాలి. అదీ రూలు.

ఆ చదవడంలో అనంతపురం అన్నని మించినవాళ్లు లేరు. యాభైలలో ఉంటాడు, భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. తన వంతు అయిపోయాక కూడా ఇంటికి పోకుండా, ఆఖరివాడు ముగించేదాకా ఒక్కొక్కరి పక్కనా కూర్చుని అరిచేవాడు. "రెండు పదైదు! పర్లేదప్పా, ఊపిరి తీస్కో! రెండు పద్నాలుగు! అద్దీ! ఇంగ కొంచెమే, లాగితే ఇంటికి పోయి ముద్ద తినొచ్చు!" నేను చేరిన కొత్తలో సగంలో దిగిపోకుండా నిలబడ్డానంటే ఆ అరుపుల వల్లే. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి. అప్పుడు నేనెలాంటివాణ్ణో సరిగ్గా తెలుస్తుంది.

ఆ చలికాలం చివర ఊళ్లో రిలే పోటీ పెట్టారు. టీముకి నలుగురు, ఒకే మెషీన్, వంతులవారీగా లాగాలి. అక్క, ఇంకో ఇద్దరు ఖాయం. నాలుగో సీటుకి అన్న, నేను మిగిలాం. ఎవరి సగటు అంకె తక్కువైతే వాళ్లకి సీటు, ఓడినవాళ్లు రిజర్వు.

అన్నకి ఆ సీటు ఎందుకు కావాలో మా అందరికీ తెలుసు, ఎందుకంటే నెల రోజులుగా అదే చెబుతున్నాడు. "మా పాప వస్తానంది. నాతో కూరగాయలకి కూడా రాదు ఆ పిల్ల, కారులోంచి దిగదు. ఈసారి తనే అడిగింది, నాన్నా నీ రేస్ ఎప్పుడు అని." హైస్కూల్లో చదివే కూతురు. తండ్రి తెలుగులో మాట్లాడితే ఇంగ్లీషులో జవాబిచ్చే వయసు.

నాకు ఎందుకు కావాలో కూడా చెప్పాలి, సిగ్గుగా ఉన్నా. టీమ్ టీషర్టులు ముందే వచ్చాయి. నేను ఒకటి వేసుకుని, పొట్ట లోపలికి పీల్చి ఫోటో దిగి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. గంటలో మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా! కెనడా టీముకి సెలెక్టయ్యావా!"

అప్పుడే "కెనడా కాదురా, కనాటా" అంటే అయిపోయేది. నేను "ఇంకా ఫైనల్ కాలేదులే" అన్నాను. పెద్ద మామయ్య ఆశీర్వదించాడు. ఎవరో జెండా బొమ్మలు పెట్టారు. మా ఆవిడ ఫోన్ చూసి, నా పొట్ట చూసి, "వాళ్లకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అంది. నేను చెప్పలేదు. కనీసం మా కమ్యూనిటీ సెంటర్ టీములోనైనా ఉంటే సగం నిజమైనా అవుతుందని మనసుకి సర్దిచెప్పుకున్నాను.

సెలక్షన్ రోజున మొదట నేను లాగాను. సగటు రెండు ఎనిమిది. నా జన్మకి అదే ఎక్కువ. తర్వాత అన్న కూర్చున్నాడు. రూలు ప్రకారం ఆయన పక్కన చదవాల్సింది నేను. అక్క అవతలి మూల ఇంకొకరి నడుము సరిచేస్తోంది.

మొదట నిజమే చదివాను. రెండు ఏడు. రెండు ఏడు. రెండు ఆరు. ఆ మనిషి తొణక్కుండా లాగుతున్నాడు. సగం దాటేసరికి సీటు ఆయనదేనని నాకు అర్థమైంది. జెండా బొమ్మలు కళ్లముందు ఆడాయి.

"ఎంతప్పా?" అన్నాడు.

తువ్వాలు ఎత్తి చూశాను. రెండు ఏడు. "రెండు ఐదు అన్నా! చాలా ముందున్నారు. ఇంత స్పీడు వద్దు, చివరికి దాచుకోండి."

ఆయన నన్ను నమ్మి నెమ్మదించాడు. అంకె తొమ్మిదికి వచ్చింది, పదకొండుకి వచ్చింది, పదమూడుకి వచ్చింది. నేను ప్రతిసారీ తువ్వాలు ఎత్తి, చూసి, "రెండు ఐదు, సూపర్ అన్నా" అంటూనే ఉన్నాను. గొంతు వణకలేదు కూడా. ఆఖర్లో ఆయన మళ్లీ ఊపందుకున్నాడు గానీ దూరం మిగల్లేదు. తువ్వాలు తీశాక సగటు రెండు తొమ్మిది అని ఉంది. చెమట కారుతున్న మొహంతో చాలాసేపు ఆ తెరకేసి చూశాడు.

"ఇదేందప్పా, ఇట్లయింది?"

"చివర్లో కొంచెం పడిపోయిందన్నా," అన్నాను. ఇది రెండో అబద్ధం. మొదటిదానికంటే ఇదే నీచం.

ప్రతి భాగంలో ఎంత లాగాడో మెషీన్లోనే ఉంటుంది. రెండు బటన్లు నొక్కితే చాలు. అన్న నొక్కలేదు. ఎందుకు నొక్కుతాడు, పక్కన నేనున్నానుగా! లేచి నా భుజం తట్టి, "బాగా లాగినావు తమ్ముడూ" అన్నాడు.

పోటీ రోజు గురించి రెండు ముక్కలు ముందే చెప్పాలి. రిలేలో మనుషులు త్వరత్వరగా మారాలి కాబట్టి పాదాలకి పట్టీలు బిగించుకునే టైము ఉండదు. టీములో ఒకరు ముందు మోకాళ్ల మీద కూర్చుని, లాగేవాడి రెండు పాదాలూ చేతులతో పలకకి అదిమిపట్టాలి. ఆ పని రిజర్వుది. అంటే అన్నది.

పాప నిజంగానే వచ్చింది. గోడ పక్కన ఫోన్ పట్టుకుని నిలబడింది. ముందు అక్క లాగింది, తర్వాత మిగతా ఇద్దరు. అన్న ముగ్గురి కాళ్లూ పట్టుకున్నాడు. చివరి వంతు నాది. అప్పటికి మేం మూడో స్థానంలో ఉన్నాం.

నేను కూర్చున్నాను. నాకంటే పెద్దవాడు, నా కళ్లెదుట, నా బూట్లు రెండు చేతులా పట్టుకున్నాడు. అక్కడినుంచి తల తిప్పి తెర చూస్తూ చదువుతున్నాడు. "రెండు పది తమ్ముడూ! రెండు పన్నెండు, పడిపోతా ఉంది, లాగు! నీ చేత అవుతుంది, లాగు!" ఉన్నది ఉన్నట్టు చదువుతున్నాడు. ఒక్క సెకను అటూ ఇటూ కాకుండా. నాకు ఊపిరి ఆడలేదు. మోకాలు పట్టు తప్పి, ఎడమ పాదం ఆయన చేతిలోంచి జారి గడ్డానికి తగిలింది. కళ్లజోడు ఎగిరిపడింది.

హ్యాండిల్ వదిలేశాను. ఆయన భుజం తాకి చేతిని కళ్లకద్దుకున్నాను. చైను హ్యాండిల్‌ని లాక్కుపోయి మెషీనుకి ఠంగుమని కొట్టింది.

"దండాలు తర్వాత పెట్టుకో బాబూ! హ్యాండిల్ పట్టుకో!" అని అక్క అరిచిన అరుపుకి హాలంతా మావైపు తిరిగింది. నేను హ్యాండిల్ బదులు కళ్లజోడు అందుకున్నాను. ఆఖరి స్థానానికి ముందు స్థానంలో ముగించాం.

పాప తీసిన వీడియో సాయంత్రానికల్లా అందరి ఫోన్లలో ఉంది. మా బావమరిది "కెనడా వెళ్లినా మన పద్ధతి మరవలేదు" అని రాశాడు. నిజం చెప్పాలంటే, బస్సుల్లో ఎంతమంది కాళ్లు తొక్కానో, ఎప్పుడూ ఎవరికీ దండం పెట్టిన పాపాన పోలేదు. ఆ రోజు చెయ్యి దానంతటదే లేచింది. దాన్ని లేపింది సంస్కారం కాదు, భయం.

ఆ తర్వాత అన్న ఆ ఏడు ప్రాక్టీసుకి రాలేదు. ఆ పోటీకి ముందే ఆయన ఉద్యోగం పోయిందని, వారంలో మా ప్రాక్టీసు తప్ప ఇంట్లోంచి కదిలింది లేదని, అక్క చెబితే తెలిసింది. మరుసటి చలికాలం కొత్త ఉద్యోగంతో, పాత గొంతుతో తిరిగొచ్చాడు. అప్పుడైనా చెప్పలేదు నేను. పైగా కొత్తవాళ్లు ఎవరొచ్చినా నా సంస్కారం కథ చెప్పేది ఆయనే.

మొన్న జనవరిలో కొత్తగా చేరిన ఇద్దరు కుర్రాళ్లకి మళ్లీ చెప్పాడు. చెప్పి, "మనిషంటే అట్లుండాల" అన్నాడు. ఆ శనివారం పొద్దున వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో మంచు తీస్తున్నాడు. నన్ను చూసి, ఏం పని మీద వచ్చావని కూడా అడక్కుండా రెండో పార చేతికిచ్చాడు. నాలుగు పారలు ఎత్తేసరికి నాకు ఆయాసం వచ్చింది. ఆ ఆయాసంలోనే మొత్తం చెప్పేశాను.

ఆయన పార ఆపాడు.

"అప్పుడు నిజంగా ఎంతుండె?"

"మీరు రెండు ఏడులో ఉన్నారన్నా. నేను చెప్పినట్టు వినకపోతే గెలిచేవాళ్లు."

"నువ్వు రెండు ఐదు అంటివి." ఆయనకి గుర్తుంది. పార మంచులో గుచ్చాడు. "నాకు చివర్లో దమ్ము ల్యాదనుకున్యా. తిరిగొచ్చినప్పటి నుంచీ ఆ చివరి భాగమే ప్రాక్టీసు చేస్తాండా. ల్యాని రోగానికి మందు తింటి గదప్పా ఇన్నాళ్లు!"

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

"అన్నా, నన్ను..."

"నాకు కాదు. నేను నీ కాళ్లు పట్టుకుంటే చూసింది పాప. దానికి చెప్పు."

తలుపు దగ్గరికి వెళ్లి పిలిచాడు. యూనివర్సిటీ నుంచి వారాంతానికి వచ్చిన అమ్మాయి, స్వెట్టర్ చేతులు కిందికి లాక్కుంటూ గడప మీద నిలబడింది. "హాయ్ అంకుల్, వాట్స్ అప్?" అంది. అన్న పక్కకి జరిగాడు గానీ లోపలికి పోలేదు.

నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ క్షణాన పోయింది. తెలుగులోనే చెప్పాను.

"అమ్మా, ఆ రోజు రేసులో ఉండాల్సింది మీ నాన్న. ఆయన నాకంటే బాగా లాగారు. నేను దొంగ అంకెలు చదివి ఆయన్ని ఓడించి, ఆ సీటులో కూర్చున్నాను. నువ్వు మీ నాన్నని చూడటానికి వచ్చి నన్ను చూడాల్సి వచ్చింది. తప్పు నాది. నన్ను క్షమించమని ఆయన్నీ, నిన్నూ, ఇద్దర్నీ అడుగుతున్నాను."