స్టూడియో ఇచ్చిన తెలుపు

నౌపడలో రైలెక్కి నా ఎదుట కూర్చున్న ఒక తల్లి, అబ్బాయివారికి పంపిన కూతురి ఫొటోను నాకు చూపింది. ఎల్లుండి పెళ్లిచూపులట. ఆమె పక్కనున్న అమ్మాయి నలుపు, ఫొటోలో తెలుపు. పొంతన లేని విషయాన్ని నేను ఉపేక్షించలేను, కారణమడిగాను.

“స్టూడియోవోడు అడక్కుండానే తెల్లగా సేసేస్తాడు బాబూ. మా పక్క పెళ్లి ఫొటోలన్నీ అంతే.”

ఆ మాట విని అమ్మాయి ఆ అబ్బాయికి వీడియో కాల్ చేసింది. “ఒసే, సంబంధం సెడిపోద్ది!” అని తల్లి వారించినా, కిటికీ ఎండలోకి ముఖం తిప్పింది.

“సూడండి, నా రంగిదే. ఫొటోలో తెలుపు స్టూడియోవోడిది. ఇష్టమైతేనే రండి.”

తెర మీది యువకుడు హాయిగా నవ్వాడు. “నా ఫొటో కూడా ఆ స్టూడియోలోదేనండి. మీకెలా సెప్పాలో తెలక సస్తన్నాను.”

తల్లి ఆత్రంగా ఫోనులోకి తొంగిచూసి, నా వైపు తిరిగింది.

“ఓలమ్మ! పిల్లడు ఇంత నలుపా బాబూ?”