కూత రాని పూట కాగిన నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గడియారం లేదు. మందమర్రి అవతల బొగ్గుబాయి కార్మికుల కాలనీ మాది. అక్కడ ఎవరింట్లోనూ ఉండేది కాదు. మా అందరి గడియారమూ బాయి మీది సైరనే. పొద్దుటి షిఫ్టు ముగిసిందని అది కూయగానే వరసలోని ప్రతి ఇంటి ముందూ పొగ లేచేది. బొగ్గు మసితో వచ్చే మగవాళ్ల స్నానానికి నీళ్ల కాగు పొయ్యి మీదికెక్కేది. కూత రానిదే మా అవ్వ, అంటే మా అమ్మ, కాగు ముట్టుకునేది కాదు. ముందే పెడితే పొయ్యిలో బొగ్గు దండగని ఆమె లెక్క.

ఒకరోజు ఆ కూత రాలేదు. మేం పిల్లలం వాకిట్లో గచ్చకాయలాడుతున్నాం. గోడ నీడ మమ్మల్ని దాటి పోయింది గాని సైరన్ కూయలేదు. ఆడవాళ్లంతా మా వాకిట్లో చేరారు. తలా ఒక మాట అన్నారు. పొద్దున బాయికి పోతూ మా బాపు, అంటే మా నాన్న, తువ్వాల మరిచి వెనక్కి వచ్చిన సంగతి అవ్వకు గుర్తొచ్చింది. ఎదురింటి అత్త మధ్యాహ్నం కుక్క ఏడుపు విన్నదట. ఇంకొకామె బాయి వైపు దుమ్ము లేపుకుంటూ పోయిన లారీని చూసింది. విడివిడిగా చూస్తే తలాతోకా లేని ముక్కలే. నలుగురూ కూర్చుని వాటిని కలిపి కుట్టేసరికి, వాళ్ల మాటల్లో బాయి కప్పు కూలింది, మనుషులు లోపల చిక్కారు, వాళ్లను ఆసుపత్రికి చేర్చడానికి లారీ పోయింది. ఆ చిక్కినవాళ్లలో మా బాపు కూడా ఉన్నాడు. అవ్వ ఏడుపు అందుకుంది. ఆమె కొంగు పట్టుకుని నేను, ఇక బాపు రాడనే నమ్మేశాను.

పక్కింటి పెద్దవ్వ తన అరుగు మీద బియ్యంలో రాళ్లేరుతూ ఇదంతా వింటున్నది. ఆమె మొగుడు ఏళ్ల కిందట ఇంకో ఊరి బాయిలో చనిపోయాడని అందరికీ తెలుసు. ఆమె చాట పక్కన పెట్టి వచ్చి, లారీ చూసినామె ముందు నిలబడింది.

"లారీల ఏముండె?"

"ఏమో, దుమ్ముల కనవడలే."

"గట్లయితే నువ్వు దుమ్ము సూసినవ్. కప్పు కూలుడు సూసినవా, అనుకున్నవా?"

కూత రాకపోవడమే అపశకునం కదా అని అవ్వ వెక్కుతూ అంది. పెద్దవ్వ ఆమె పక్కన కూర్చుంది.

"మా ఇంటాయన పోయిన నాడు కూత యాళ్లకే పడ్డది బిడ్డా. నేను నీళ్లు కాగవెట్టి, కంచంల బువ్వ వెట్టుకొని కూసున్న. కూత పడ్డది గనక మనిషొస్తడని సైరన్ చెప్పలే, నేననుకున్న. కూత రాలే గనక మనిషి రాడని గూడ నువ్వే అనుకుంటున్నవ్. మనసు ఉత్తకుండను సూసి ఊకుండది. నీళ్లు లేకుంటే బురదన్న నింపుతది. లే, కాగు పెట్టు."

కూత లేకుండా మా పొయ్యి అంటుకోవడం అదే మొదటిసారి. అవ్వ పొయ్యి రాజేస్తే పెద్దవ్వే కాగు ఎత్తి పెట్టింది. మా పొగ చూసి పక్కవాళ్లు, వాళ్లను చూసి మిగతావాళ్లు పొయ్యిలు రాజేశారు. నీళ్లు వేడెక్కుతుండగా బాట మలుపులో నల్లటి మనుషులు గుంపుగా కనిపించారు. సైరన్ చెడిపోయిందట, కూత లేక షిఫ్టు విడవడం ఆలస్యమైందట, అంతే. నేను ఉరికి బాపును వాటేసుకుంటే నా గౌనంతా మసి అయింది. "ఏమైందే పోరీ?" అని ఆయన నవ్వాడు. పెద్దవ్వ ఆ గుంపును కాసేపు చూసి, మళ్లీ తన బియ్యం ముందు కూర్చుంది. ఆ చూపు నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు.

కథలు కట్టొద్దంటే మనసు మానదు. మానకూడదు కూడా. ఆ గుణం వల్లే పసిపిల్ల ఉంగా ఉంగాలో తల్లికి మాట వినిపిస్తుంది. కానీ ఎంత చూశాను, ఎంత నింపాను అని నన్ను నేను అడిగే అలవాటు ఆ రోజే అంటింది. అది నన్ను చాలా భయాల నుంచి ఒడ్డెక్కించింది.

ఇప్పుడు మా ఇంట్లో మనిషికో ఫోను. మనవడు రావాల్సిన వేళకు రాక, ఫోనూ ఎత్తక, కోడలు గుమ్మంలో నిలబడి ఏవేవో ఊహిస్తుంటే, "సూసినవా, అనుకున్నవా?" అని అడుగుతాను. జవాబు కోసం ఆగను. లేచి వాడికి నీళ్లు కాగబెడతాను.