ఒక్క పలక

ఇరవై ఆరేళ్లుగా ఆయన వజ్రాలకు సానపెడుతున్నాడు. ప్రతి రాయీ ఒక వైపే లొంగుతుంది. ఆ వైపు ఎటో తెలియకుండా చక్రానికి ఆనిస్తే, అరిగి తేలే చదును ముఖం మీద, అంటే పలక మీద, సన్నని గీతలు పడతాయి. మిగతావాళ్లు భూతద్దం పెట్టి వెతుక్కునే ఆ వైపును ఆయన చక్రం చప్పుడు విని పట్టేసేవాడు. ఆయన తీసిన పలక మీద గీత ఉండదు. వీధిలోని పదకొండుమంది పనివాళ్లలో అది ఇంకెవరికీ చేతకాదు.

మూడేళ్లుగా మాత్రం ఆయన ఏ రాయినీ పూర్తి చేయలేదు. ఒక్కో రాయికి ఒక్క పలక తీసి పక్కన పెట్టడమే. కార్ఖానా బామ్మర్దిది. ఉంటున్న పై వాటా కూడా అతనిదే. ఎందుకిలా అని అడిగితే బామ్మర్ది నవ్వాడు.

“ముడిరాయి సరిహద్దు దాటాలంటే ఏ గనిలోదో చెప్పే కాగితం కావాలి బావా. ఒక్క పలక తీస్తే అది ముడిరాయి కాదు, కాగితం అడగరు. చట్టం రాసినవాళ్లే సందు వదిలారు. మనం దూరితే తప్పా?”

ఆ కాగితం ఎందుకు పెట్టారో ఆయనకు తెలుసు. తుపాకీ చూపించి జనాన్ని ఏట్లోకి దింపి, వాళ్ల చేత ఏరించిన రాళ్లతో మళ్లీ తుపాకులు కొనేవాళ్లున్నారు. పొట్లం విప్పితే రాళ్ల పగుళ్లలో ఇంకా ఏటి మట్టి కనిపించేది. దాన్ని బ్రష్షుతో కడిగేది ఆయనే.

ఈ ఏడు ఈ ఊరి నుంచి వెళ్లిన పొట్లం ఒకటి అవతలి రేవులో పట్టుబడింది. పేరుకి ఒక పలక తీసి ముడిరాళ్లే దాటిస్తున్నారని కేసు పెట్టారు. నలభై రాళ్లు, రాయికి ఒక్క పలక, దేని మీదా గీత లేదు. ఇంత శుభ్రంగా తీసినవాడెవడో తేల్చడానికి లైసెన్సుల ఆఫీసు నుంచి ఒక అధికారిణి వచ్చి, పనివాళ్లను ఒక్కొక్కరినే పిలిచి పలక తీయిస్తోంది. వీధిలో ఎవరినడిగినా ఆయన పేరు చెప్పగలరు. కానీ అందరిళ్లలోనూ పొయ్యి ఆ రాళ్ల మీదే వెలుగుతోంది. ఎవరూ నోరు విప్పలేదు.

సాయంత్రం బామ్మర్ది పైకొచ్చాడు.

“రేపు నీ వంతట. పలక చెడగొట్టు బావా.”

“చెడగొడితే లైసెన్సు కార్డు తీసేస్తారు. కార్డు లేనివాడు చక్రం ముట్టుకోకూడదు.”

“బాగా తీస్తే జైలు. అప్పుడు మన కార్ఖానా రిజిస్టరు అడుగుతారు. అందులో ఆ రాళ్లకి సంతకాలన్నీ నీవే, నాది ఒక్కటీ లేదు. ఏది నయమో నువ్వే చెప్పు.”

“పెట్టమన్నది నువ్వే కదరా!”

“సొంతవాడివని పెట్టమన్నా. బయటివాణ్ణి నమ్ముతామా?”

కంచాలు సర్దుతున్న భార్య చేయి ఆగింది. “ఇన్నాళ్లూ ఆయన పనితనం అమ్ముకున్నావు. ఇప్పుడు చేతకానితనం కూడా నీకే కావాలట్రా?”

“అక్కా, నువ్వు కూడానా!” అన్నాడు తమ్ముడు. ఆమె కంచాలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు అధికారిణి ఇచ్చింది మంచి రాయి. ఆనించగానే అది లొంగే వైపు ఆయనకు తెలిసిపోయింది. చేయి అటే పోతోంది. పళ్లు బిగించి రాయిని పక్కకు తిప్పాడు. చక్రం కీచుమంది. భుజం నొప్పెట్టేదాకా అలాగే పట్టి, తీసి ఇచ్చేశాడు.

ఆమె భూతద్దంలో చూసింది. పలక నిండా దువ్వెన పళ్లలా గీతలు.

“ఎన్నేళ్ల అనుభవం?”

“ఇరవై ఆరు.”

“ఇరవై ఆరేళ్లకి ఇదా!” అనేసి, అన్నందుకు నొచ్చుకున్నట్టు గొంతు తగ్గించింది. “కంగారు పడ్డారేమో. ఇంకో రాయి ఇస్తాను, నిదానంగా తియ్యండి. ఇలాగే ఉంటే మీ కార్డు రద్దు చెయ్యాల్సొస్తుంది.”

రెండో రాయి ఆమె అరచేతిలో ఉంది. బయట వరండాలో బామ్మర్ది చెప్పుల చప్పుడు అటూ ఇటూ తిరుగుతోంది.

“వద్దమ్మా,” అన్నాడు. “నాకు వచ్చిందింతే.”

ఆమె కార్డు మీద అడ్డంగా ముద్ర కొట్టి ఫైలులో ఏదో రాసింది. ఆయనకు తలకిందులుగానే కనిపించింది: పనితనం లేదు, అనుమానం అక్కర్లేదు.

రెండు వారాలు వేరే కార్ఖానాలు తిరిగాడు. తెలిసినవాళ్లే, కుర్చీ వేశారు, టీ తెప్పించారు. కార్డు లేదుగా అన్నారు.

మూడో వారం బామ్మర్ది ఆయన్ని కార్ఖానా వెనక సామాన్ల గదికి తీసుకెళ్లాడు. కిటికీకి రేకు కొట్టి ఉంది. పాత చక్రం, బల్బు, స్టూలు, స్టూలు మీద పొట్లం.

“నిన్నింకెవడు పెట్టుకుంటాడు బావా? నేనున్నాగా! చట్టం మార్చారు, ఇప్పుడు ఒక్క పలక చాలదట. ఎనిమిది తియ్యాలి.”

“నావల్ల కాదురా.”

“ఆ మాట అధికారిణి నమ్మింది. నేను నమ్ముతానా?” భుజం తట్టి నవ్వాడు. “కార్డు లేకుండా ఎవరి కంటైనా పడితే ఇద్దరికీ చేటు. బయట గడియ పెడతా. ఏం కావాలన్నా తలుపు కొట్టు.”

చక్రం తిరుగుతుంటే తలుపు బాదినా బయటికి వినపడదని ఇద్దరికీ తెలుసు.

గడియ పడింది.  ఆయన స్టూలు మీది పొట్లం తీసి కింద పెట్టి, చక్రం ముందు కూర్చున్నాడు.