జరన్న రాయి దాకా

ప్రతి పెత్రమాస అమావాస్యకూ మా నాయినమ్మ పోయినవాళ్లందరి పేరునా బియ్యం ఇస్తుంది, ఒక్క తన అన్న మల్లయ్య పేరున తప్ప. సాయుధ పోరాటం రోజుల్లో ఆయన పెద్దవంగర నుంచి దళంతో అడవికి పోయాడు. "జర ఆగు, వస్త" అన్నాడట. అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్లు. "సచ్చిండని సూసినోళ్లెవరు? బతికున్నోనికి బియ్యమెట్లిస్త?" అంటుంది. ఈ ఏడు మంచం పట్టింది. ఆ దళం గంగారం అడవుల దిక్కు పోయిందని ఎప్పుడో విన్నదట, సంగతేదో తేల్చుకు రమ్మని నన్ను తరిమింది.

పొద్దున ఆరింటికి మహబూబాబాదులో బస్సెక్కితే గూడూరు, కొత్తగూడ మీదుగా గంగారం చేరేసరికి తొమ్మిదయింది. కొత్తగూడ దాటాక ఊళ్లు పలచబడి, ఫోను మూగబోయి, నాకెందుకో దిగులు పట్టుకుంది. గంగారంలో ఆటో మాట్లాడుకున్నాను, రానూపోనూ ఆరు వందలు. వాగు దగ్గర డ్రైవరు ఆపేశాడు.

"గీడికెళ్లి నడుసుడే అక్క. గూడెం గంతల్నే ఉన్నది."

ఆ 'గంతల్నే'కు గంటన్నర పట్టింది.

గూడెంలో పది ఇళ్లు. మల్లయ్య పేరు ఎవరూ వినలేదన్నారు. ఉసూరుమంటూ ఒక కోయ ముసలాయన వాకిట్లో కూలబడి, "తాతా, జర నీళ్లియ్యవా" అన్నాను. చెంబు అందిస్తూ ఆయన నవ్వాడు.

"జరన్న గూడ గిట్లనే అడుగుతుండెనట."

"జరన్న ఎవరు?"

"దళమాయన. మీ దిక్కోడే. జర బువ్వ, జర నిప్పు, మాటకొక జర. సొంత పేర్లు జెప్పుకోరు గద వాళ్లు, మావోళ్లే గట్ల పిలిసిండ్రు. మిల్ట్రోళ్లు కాలిస్తే మా నాయిన బొందవెట్టి రాయి నాటిండు."

ఇప్పచెట్టు కింద మోకాలెత్తు రాయి చూపించాడు. దాని మీద ఏమీ రాసి లేదు. దాని పక్కన కూర్చుని ఏడ్చాను.

నాలుగింటి బస్సులో తిరిగి వస్తుంటే అనుమానం పీకింది. మా దిక్కు కొంచెం అనడానికి జర అననివాళ్లెవరు? ఆయనే ఈయనని ఒట్టు వేయలేను. మీరూ ఎవరినైనా వెతుక్కుంటూ అటు పోతే పేరు ఒక్కటే పట్టుకుని పోకండి. ఆ మనిషి ఎట్లా మాట్లాడేవాడో, ఎట్లా నడిచేవాడో ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి పోండి.

నాయినమ్మకు అంతా చెప్పాను, అనుమానంతో సహా.

"ఎవలైతేంది, మనోడే" అంది. "పెత్రమాసకు బియ్యం జర ఎక్కువ కొలువు బిడ్డ. మా అన్న ఆకలికాగడు."