ఐలెర్ట్ పన్ను ఎవరు చూశారు?

హావ్‌నెస్ దీవి నుంచి పెద్ద ఒడ్డుకు తిరిగే ఫెర్రీలో వాఫుల్స్ అమ్మే యూరున్ రెండు విషయాల్లో ఎవరి మాటా వినదు. వాఫుల్ పిండిలో యాలకుల పొడి ఎంత పడాలన్నది మొదటిది. డబ్బున్నవాళ్లు పన్ను ఎంత కట్టాలన్నది రెండోది. యాలకుల పొడికైతే ఆమె దగ్గర ఒక చెంచా ఉంది. పన్నుకు అలాంటి చెంచా ఏదీ లేదు. వాళ్లు ఎంత కట్టినా ఇంకా కొంచెం కట్టాల్సిందే.

ఆమెకు అరవై ఏడు నిండాయి. పింఛను వస్తోంది, మోకాళ్లు నొప్పి పెడుతున్నాయి, అయినా పెనం వదలదు. ఇంట్లో కూర్చుంటే వినేవాడు సిగ్వార్ట్ ఒక్కడే. ఆమె మొగుడు సిగ్వార్ట్ ఆ ఫెర్రీలోనే తాళ్లు విసిరీ విసిరీ రిటైరయ్యాడు. మాట్లాడే పనిని పెళ్లినాడే పెళ్లానికి అప్పగించేసి హాయిగా ఉన్నాడు. ఫెర్రీలో అయితే పొద్దున ఒక జనం, సాయంత్రం ఒక జనం. నచ్చకపోతే సముద్రం మధ్యలో దిగి ఎక్కడికి పోతారు? వాఫుల్ తినాలి, ఆమె మాట వినాలి.

ఆ మాటలు ఎక్కువగా తగిలేది ఐలెర్ట్‌కి. ఇద్దరూ బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు. ఆ రోజుల్లో ఐలెర్ట్ నాన్నకు ఉన్నది ఒక్క పడవ, అది కూడా నీళ్లు కారేది. ఇవాళ మా దీవి చుట్టూ నీళ్లలో కనిపించే, సాల్మన్ చేపలు పెంచే గుండ్రటి వలలన్నీ ఐలెర్ట్‌వే. దీవిలో సగం మందికి జీతం ఇచ్చేది అతనే. ఇద్దరూ ఊరి బ్యాండులో ఉన్నారు. ముందు వరసలో యూరున్ క్లారినెట్, ఆమె వెనకాలే ఐలెర్ట్ పెద్ద బాకా. నలభై ఏళ్లుగా మే పదిహేడు జాతీయ పండగ ఊరేగింపులో అతని బాకా మోత ఆమె వీపు మీదే పడుతోంది. రోజూ పొద్దున ఆఫీసుకు వెళ్తూ అతను ఒక వాఫుల్ కొనుక్కుంటాడు. దాని మీద గోధుమరంగు జున్ను, జామ్, వాటితో పాటు తిట్లు. వాఫుల్‌కే డబ్బు తీసుకునేది.

"ఎంత చెట్టుకు అంత గాలిరా ఐలెర్ట్," అనేది ఆమె.

"ఈ దీవిలో చెట్లెక్కడున్నాయే?" అనేవాడు అతను, నోటి నిండా వాఫుల్‌తో.

మా దేశంలో ఎవరు ఎంత సంపాదించారో, ఎంత పన్ను కట్టారో ఎవరైనా చూసుకోవచ్చు. ఏటా చలికాలం మొదట్లో ఆ జాబితా వస్తుంది. పూర్వం పేపర్లో అచ్చయ్యేది, యూరున్ దాన్ని ఫెర్రీలో గట్టిగా చదివి వినిపించేది. ఆ తర్వాత ప్రభుత్వం ఒక తిరకాసు పెట్టింది. ఇప్పుడు కంప్యూటర్లో సొంత పేరుతో లోపలికి వెళ్లాలి. ఎవరి పన్ను చూశామో, వాళ్లకు మన పేరూ, పుట్టిన ఏడూ, ఊరూ తెలిసిపోతాయి. దాంతో ఊరంతా కుక్కిన పేనులా అయిపోయింది. అందరికీ చూడాలనే ఉంటుంది, చూశామని తెలియకూడదు. అప్పుడు ముసలి హ్యాల్మర్ ముందుకొచ్చాడు. తొంభై దాటినవాణ్ని ఎవడు కొడతాడు, నేను చూసి పెడతాను పొండి, అన్నాడు. జాబితా వచ్చిన రోజు అతని వంటింట్లో కాఫీ తాగని గడప మా దీవిలో ఉండేది కాదు. ఎవరి పన్ను చూసినా కనిపించే పేరు హ్యాల్మర్‌దే. అందరికీ తెలుసు, ఎవరికీ కోపం లేదు.

ఆ హ్యాల్మర్ ఒక వసంతంలో నిద్రలోనే పోయాడు. ఊరు నిజంగానే ఏడ్చింది.

ఆ ఏడు చలికాలంలోనే గొడవ జరిగింది. ఆస్తంతటి మీదా ఏటా కట్టే సంపద పన్ను మళ్లీ పెరుగుతుందని వార్తల్లో చెబుతున్నారు. డబ్బున్నవాళ్లు కొందరు స్విట్జర్లాండ్ వెళ్లి కాపురం పెడుతున్నారు. ఐలెర్ట్ పెనం ముందు నిలబడి, తనూ అక్కడొక ఇల్లు చూశానని, ఈ దీవి మొత్తం కట్టేదానికంటే తానొక్కడే ఎక్కువ కడుతున్నానని, ఇక విసుగొచ్చిందని చెప్పాడు. యూరున్‌కు మండింది.

"పోరా పో. కట్టేవాడు పోతే కదా లోటు? నువ్వు కట్టేది నా పెనం కడగడానికి కూడా చాలదు," అంది.

ఫెర్రీ అంతా నవ్వింది. ఐలెర్ట్ నవ్వలేదు. వాఫుల్ సగంలో వదిలేసి పైడెక్కుకు వెళ్లిపోయాడు.

యూరున్ ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది. రేపు పొద్దున అంకెతో సహా చెప్పి నోరు మూయించాలన్నదే ఆమె ధ్యాస. ఐలెర్ట్ పేరు కొట్టింది, నొక్కింది. ఆ అంకె చదవడానికి వేలు పెట్టి సున్నాలు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. అతను అబద్ధమాడలేదు. ఆమె అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కడుతున్నాడు.

కిటికీ దగ్గర వల అల్లుకుంటున్న సిగ్వార్ట్ తలెత్తాడు. "హ్యాల్మర్ లేడు కదే," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఎవరు చూశారో ఐలెర్ట్‌కు తెలిసిపోతుంది.

మర్నాటి నుంచి ఆమె పరిస్థితి తేలు కుట్టిన దొంగలా అయింది. అన్న మాట తప్పని తెలిసింది, తప్పని చెబితే చూశానని ఒప్పుకున్నట్టవుతుంది. చూసిన సంగతి ఐలెర్ట్‌కు ఎలాగూ తెలుసు. ఆమె నోటి నుంచి ఆ మాట ఎప్పుడొస్తుందా అని అతను ఎదురుచూశాడు. ఆమె మొండిది, చెప్పలేదు. అతను వాఫుల్ కొనడం మానేశాడు. బ్యాండు సాధనలో ఆమె వెనక కూర్చుని పలకరించకుండా బాకా ఊదేవాడు. పాట మధ్యలో ఆమె తప్పు వాయిస్తే వెనక నుంచి వచ్చే ఎకసెక్కం కూడా ఆగిపోయింది. వేసవిలో ఇల్లు ఖాళీ చేస్తాడని ఊళ్లో అనుకున్నారు.

యూరున్‌కు భయం పట్టుకుంది. ఐలెర్ట్ పోతే సర్కారుకు ఎంత పోతుందన్నది ఆమెకు పట్టలేదు. బడి బల్ల మీద పక్కన కూర్చున్నవాడు తన నోటి దురుసు వల్ల ఊరు విడిచిపోతాడేమోనని ఆమె బెంగ. పోనీ, డబ్బున్నవాళ్లు ఎక్కువ కట్టక్కర్లేదని అంటే అతను ఆగుతాడేమో. ఆ మాట మాత్రం నోట్లోంచి రాదు, ఎందుకంటే ఆమె నమ్మేది అది కాదు.

మే నెల మొదట్లో బ్యాండు ఇంటికి ఎర్ర రంగు వేయడానికి దుగ్నాద్ పెట్టారు. దుగ్నాద్ అంటే ఊరి పనికి ఊరంతా బ్రష్షులు, పారలు పట్టుకుని రావాలి. జబ్బు చేస్తే రాకపోయినా ఫరవాలేదు, చచ్చిపోతే ఫరవాలేదు. రాకుండా డబ్బు పంపడం మాత్రం మా దీవిలో లేదు. ఐలెర్ట్ ఆ పనే చేశాడు. తనకు తీరిక లేదని, పెద్ద ఒడ్డు నుంచి ఇద్దరు రంగులవాళ్లను పంపిస్తానని కబురు చేశాడు.

యూరున్ నేరుగా అతని ఆఫీసుకు వెళ్లి, బల్ల మీద కాగితాలు పక్కకు జరిపి ఒక బ్రష్షు పెట్టింది.

"నీ మనుషులు మాకొద్దు. నీ చేతులు పట్టుకుని నువ్వే రా," అని చెప్పి తిరిగొచ్చేసింది. ఆరు నెలల్లో వాళ్లిద్దరి మధ్యా నడిచిన మాట అదొక్కటే.

శనివారం అతను వచ్చాడు. ముఖం ముడుచుకునే ఉన్నాడు, అయినా అలవాటు కొద్దీ పెద్ద నిచ్చెన తీసుకుని చూరు కిందికి వేసుకున్నాడు. చిన్నప్పటి నుంచీ చూరు అతనిదే. యూరున్ ఇంకెవరినీ రానివ్వకుండా వెళ్లి నిచ్చెన కాళ్లు పట్టుకుంది. ముందు అతనే తగులుకున్నాడు.

"చూడు. ఇక్కడ నేనైనా, నీ మొగుడైనా ఒక్క రోజు పనే. అందరికీ సమానం. పన్ను కూడా ఇలాగే ఉంటే ఏం పోయింది?"

"మరి నిచ్చెన మీద నువ్వెందుకున్నావురా?"

"నా చేతులు పొడుగు కాబట్టి."

"సిగ్వార్ట్ ఎందుకు ఎక్కలేదని ఎప్పుడైనా అడిగావా?"

సిగ్వార్ట్ గోడ అడుగున స్టూలు వేసుకుని కూర్చుని పునాది దగ్గర రంగు వేస్తున్నాడు. పొట్టి మనిషి. తన పేరు వినబడినా తలెత్తలేదు. ఐలెర్ట్ బ్రష్షును రంగు డబ్బాలో ముంచాడు.

"అలసిపోతే నిచ్చెన దిగొచ్చే," అన్నాడు. "ఈ పన్ను దిగనివ్వదు. నా డబ్బు జేబులో లేదు, వలల్లో ఉంది, పడవల్లో ఉంది. చేపలు చచ్చిన ఏడు కూడా ఏదో ఒకటి అమ్మి కట్టాలి. అవతలి సముద్రపు పాయలో చేపలు పెంచేవాడు పరదేశి, వాడికి ఈ పన్నే లేదు. నాకెందుకుంది? ఇక్కడ పుట్టినందుకా?"

యూరున్‌కు అతని మాటలో న్యాయం కనిపించింది.

"ఈ ముక్క ఫెర్రీలో ఎందుకు చెప్పలేదు?" అంది.

"నువ్వు చెప్పనిస్తే కదా."

ఆమె నిచ్చెనను ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. "నువ్వు కడుతున్నావు. చాలానే కడుతున్నావు. చూశాను. ఆవేళ నేనన్న మాట తప్పు," అంది. అందరికీ వినబడేట్టే అంది, మెల్లగా మాట్లాడటం ఆమెకు రాదు కనక. గోడ చుట్టూ బ్రష్షులన్నీ ఆగిపోయాయి. ఆమె ఊపిరి పీల్చుకుని, "అయినా ఇంకా కట్టాలి. ఆ పరదేశి చేత కూడా కట్టించాలి," అంది.

పై నుంచి ఐలెర్ట్ నవ్వాడు. ఆ నవ్వుకు బ్రష్షు వణికి ఎర్ర రంగు చుక్క ఆమె నెత్తిన పడింది. కావాలనే వేశాడని ఆమె ఇప్పటికీ అంటుంది.

మే పదిహేడున బాకా మళ్లీ ఆమె వీపు మీద మోగింది, ఎకసెక్కాలూ మొదలయ్యాయి. కానీ పోనని అతను మాటివ్వలేదు. ఆగస్టులో ఇంటి కిటికీలు మూసి స్విట్జర్లాండ్ వెళ్లాడు. ఊరికే చూసి రావడానికన్నాడు. సెప్టెంబరు పోయింది, అక్టోబరు పోయింది. అతని ఆఫీసువాళ్లను అడిగితే భుజాలెగరేశారు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారు మీరు. యూరున్ అంత తేలిగ్గా ఫోన్ చేసే మనిషైతే ఈ కథే లేదు.

జాబితా వచ్చింది. అతని పేరు పక్కన ఏ ఊరు ఉందో ఒక్కసారి చూస్తే తేలిపోతుందని ఫెర్రీలో అందరూ ఆమెను ఎగదోశారు. ఆమె చూడనంది. చూస్తే మళ్లీ తన డబ్బు మీద కన్నేసిందని అనుకుంటాడు, అంది. వాఫుల్స్ రెండు మాడ్చింది, అది ఆమె చరిత్రలో లేదు.

ఒక మధ్యాహ్నం సిగ్వార్ట్ కంప్యూటర్ ముందు నుంచి ఆమెను పిలిచాడు. ఆమె పన్ను ఎవరో చూశారట. యూరున్ తడి చేతులతోనే పరిగెత్తింది. వాఫుల్స్ అమ్మే ముసలిదాని పన్ను ఎవరికి కావాలి? తెరమీద ఒకే పేరు ఉంది. ఐలెర్ట్. పుట్టిన సంవత్సరం ఆమెదే. మకాం ఇంకా మార్చలేదు. ఊరు, హావ్‌నెస్.

ఆమె అక్కడే కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకుని, అదే కుర్చీలో ఐలెర్ట్ పేరు కొట్టి నొక్కింది. అంకె వైపు చూడలేదు. మర్నాడు మళ్లీ నొక్కింది. ఆ మర్నాడు కూడా.

శుక్రవారం సాయంత్రం పెద్ద ఒడ్డు నుంచి తిరిగొచ్చే ఫెర్రీలో ఐలెర్ట్ ఎక్కాడు. వీపున బాకా పెట్టె ఉంది. క్రిస్మస్ కచేరీ సాధన ఆ సాయంత్రమే. పెనం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఎన్నిసార్లు చూస్తావే నా పన్ను?"

"ఎంత కట్టావో నేను చూడలేదురా. ఉన్నావో లేదో చూశాను."

ఐలెర్ట్ బాకా పెట్టె దించి పక్కన పెట్టాడు. తర్వాత స్విట్జర్లాండ్ సంగతులు చెప్పాడు. కొండలు బాగున్నాయట, కాఫీ బాగుందట. అక్కడ ఎవరూ ఎవరి పన్నూ అడగరట, పొద్దున్నే అందరూ మర్యాదగా నవ్వి పోతారట. "మూడు నెలలు ఒక్కరు తిట్టలేదే," అన్నాడు. "నాకు తిండి సయించలేదు."

యూరున్ పిండి పోసింది, జున్ను పెద్ద ముక్క కోసింది, జామ్ రెండు చెంచాలు వేసింది. ఐలెర్ట్ ఒక ముక్క కొరికి నమిలాడు. చుట్టూ జనం మూగారు.

"యాలకులు కొంచెం తక్కువయ్యాయి," అన్నాడు.

"నీ పన్నులాగే," అంది యూరున్.