కడిగిన డబ్బా

మా వదిన మోటార్లకు తీగ చుడుతుంది. నీళ్ళ మోటారు, ఫ్యాను, మిక్సీ, ఏది కాలినా మా వీధి చివర ఆమె కొట్టుకే వస్తుంది. కొట్టంటే ఒక బల్ల, రాగి తీగ చుట్టలు, ఎంతకీ పోని వార్నిష్ వాసన. ఎవరైనా వచ్చి "కాలిపోయిందమ్మా, చుట్టెయ్" అంటే ఆమె వెంటనే విప్పదు. "మోటారు సంగతి తర్వాత. ముందు మీ ఇంట్లో లైను చూశారా?" అంటుంది. వచ్చినవాళ్ళు మొహం చిట్లిస్తారు. తీరా చూస్తే చాలాసార్లు తప్పు వైరులోనో ప్లగ్గులోనో ఉంటుంది.

ఇలాంటి మనిషికి మా అన్న దొరికాడు. బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎవడికీ దారివ్వడు గానీ ఇంట్లో ఒక్క మాటకు కూలబడిపోతాడు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా వాళ్ళకు పిల్లలు కలగలేదు. వదినకు పరీక్షలన్నీ చేసి ఏ లోపమూ లేదన్నారు. ఇక అన్న వంతు. ల్యాబ్‌లో మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, వీర్యం పట్టి వెంటనే తెమ్మన్నారు. అక్కడే ఒక చిన్న గది కూడా ఉంది. కానీ "బయట అంతమంది కూర్చుని ఉంటే లోపల నా వల్ల కాదు" అని అన్న ఇంటి నుంచే తీసుకెళ్ళాడు.

రిపోర్టు వచ్చింది. కణాలున్నాయి, కానీ అన్నీ చచ్చినవే. డాక్టరు నిదానస్తుడు. కొన్నాళ్ళాగి మళ్ళీ చేయించమన్నాడు. చేయిస్తే మళ్ళీ అదే. ఏళ్ళ తరబడి ఇంజను వేడి పక్కన కూర్చోవడం వల్ల కావచ్చేమో అన్నాడు. వేరే దాత వీర్యంతో ప్రయత్నించే సంగతి ఆలోచించుకోమన్నాడు.

ఆ సాయంత్రమే అన్న బట్టల సంచి సర్దాడు.

"కొన్నాళ్ళు డిపోలో పడుకుంటా."

"ఏం, అక్కడి దోమలు మీకోసం బెంగపెట్టుకున్నాయా?" అంది వదిన.

"ఎగతాళి చెయ్యకు. నాలో ఏమీ లేదని రెండుసార్లు రాసిచ్చారు. నీకింకా వయసుంది. ఇంకొకణ్ణి చేసుకో. నేను అడ్డురాను."

"ఓహో. దారివ్వడం ఇవాళ నేర్చుకున్నారన్నమాట!"

అన్న నవ్వలేదు. సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

వదిన ఏడుస్తుందేమోనని కొట్టుకు వెళ్ళాను. ఆమె ఫ్యాను రెక్కను వేలితో తిప్పుతూ కూర్చుంది.

"నీరసించిన మోటారైతే మూలుగుతూనైనా తిరుగుతుంది కదా అబ్బాయ్. ఒక్కటంటే ఒక్కటి కదల్లేదంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. ఆ డిపోలో అందరూ అదే ఇంజను పక్కన కూర్చునేవాళ్ళే. వాళ్ళ పిల్లలంతా ఆకాశంలోంచి ఊడిపడ్డారా?"

"అయితే ఏం చేద్దామంటావ్?"

"లైను చూడాలి. డబ్బా ల్యాబ్ నుంచి మనింటికొచ్చింది, మనింటి నుంచి ల్యాబ్‌కెళ్ళింది. మధ్యలో దానికేం జరిగిందో చూడాలి."

మర్నాడు ల్యాబ్ నుంచి ఇంకో డబ్బా తెచ్చి, మునుపు పెట్టినట్టే వంటింటి అరలో పెట్టింది. పక్కనే కూరగాయలు ముందేసుకుని కూర్చుంది.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. కొత్త గ్లాసు కొన్నా తను కడిగితే తప్ప అందులో నీళ్ళు తాగదు. సబ్బును నమ్మదు. కుంకుడుకాయలు కొట్టి, నానబెట్టి, చిక్కటి రసం తీసి సీసాలో పోసి ఉంచుతుంది. తలకైనా గిన్నెలకైనా అదే. అమ్మ వంటింట్లోకి వచ్చి డబ్బాను చూసింది. మూత తీసి రసం పోసింది, గిలక్కొట్టి పారబోసింది, బోర్లించింది.

"అత్తయ్యా, ఏంటది?"

"కనబడట్లా? ఆసుపత్రి డబ్బా. ఎంతమంది చేతులు పడ్డాయో ఏమో!"

"మరి నీళ్ళతో కడగరా?"

"ఆ కుళాయి నీళ్ళతోనా? మళ్ళీ మురికి అంటించుకోడానికా? రసం అలా ఆరిపోతే చాలు. పోయిన రెండుసార్లూ ఇట్లాగే చేసిపెట్టా. మీలో ఒక్కరైనా గమనించారా?"

అమ్మ తప్పేం లేదు. అది మూత్రపరీక్ష డబ్బా అని ఆమెకు చెప్పింది మా అన్నే.

వదిన కత్తిపీట అక్కడే వదిలేసి లేచింది. సీసాలోంచి కాస్త రసం చిన్న బుడ్డిలో పోసుకుంది. కొట్టుకెళ్ళే హడావుడిలో ఉన్నట్టు, అలవాటుగా స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుని డిపోకు బయల్దేరింది. వెనకాలే నేనూ.

అన్న కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. సంగతంతా చెప్పినా కదల్లేదు.

"నేను రాను. చచ్చినవే అని మూడోసారి కూడా చదువుకోవాలా?"

"మీరు చదవొద్దు, నేను చదువుతా. మీరు ఆ గదిలోకి వెళ్తే చాలు."

"బయట జనం..."

"జనాన్ని నాకొదిలెయ్యండి."

పక్కనున్న కండక్టరు అన్న వీపు తట్టాడు. "వెళ్ళు గురూ. ఆమె చేతిలో ఏముందో చూశావా?"

ల్యాబ్‌లో అన్న కొత్త డబ్బాతో ఆ గదిలోకి వెళ్ళాక, వదిన తలుపుకు కుర్చీ ఆనించి, జనం వైపు తిరిగి కూర్చుంది. అటు చూసే ధైర్యం ఎవరికుంటుంది?

ల్యాబ్‌లో పనిచేసే అక్క మైక్రోస్కోపులో చూసింది. తల ఎత్తింది. మళ్ళీ చూసింది.

"ఇవి ఈయనవేనా? పరిగెడుతున్నాయమ్మా!"

కొన్ని మందకొడిగా ఉన్నాయట, కొన్ని చచ్చినవీ ఉన్నాయట. అది అందరిలోనూ ఉండేదేనంది. వదిన బుడ్డి బల్ల మీద పెట్టి జరిగింది చెప్పింది.

"డబ్బా కడగొద్దని చెప్పాను కదా!"

"మాకు చెప్పారు. మేం మా అత్తయ్యకు చెప్పలేదు."

అక్క ఇంకో గాజు పలక మీద వీర్యపు చుక్క వేసి అన్నను చూడమంది. అన్న ఒంటికన్ను మూసి వంగాడు.

"అమ్మో! పండగ ముందు బస్టాండులా ఉంది!"

ఆమె పక్కనుంచి కుంకుడు రసం ఒక చుక్క కలిపింది. అన్న కన్ను మార్చి చూశాడు. ఒక్క కణమూ కదలడం లేదు.

"దీంట్లో నురుగు తెప్పించేవాటిని సపోనిన్లంటారు. గిన్నెకున్న జిడ్డును విడగొడతాయి కదా, కణం పైపొర కూడా కొవ్వుతో చేసిందే. దాన్నీ అలాగే చీల్చేస్తాయి" అంది అక్క.

అన్న చెయ్యి తన తల మీదికి పోయింది. "నేను చిన్నప్పట్నుంచీ దీంతోనే తలంటుకుంటున్నా!"

"తలకు రుద్దుకుంటే ఏం కాదయ్యా. డబ్బాలో ఉంటేనే."

బయటికొచ్చాక అన్న వదిన పక్కన మెల్లగా నడిచాడు. "అమ్మకు నువ్వే చెప్పవా?"

"ఎందుకు? మూత్రమన్నది మీరు."

అన్న చెప్పాడు. మధ్యలో మూడు గ్లాసుల నీళ్ళు తాగాడు. అమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"అంటే నా చేత్తోనే..."

"డబ్బాలోవి మాత్రమే అత్తయ్యా. అసలు సరుకు ఇదిగో, ఎదురుగా నిలబడే ఉంది" అంది వదిన.

అమ్మ కళ్ళు తుడుచుకుంది. తర్వాత అన్న మీద విరుచుకుపడింది. "కన్నతల్లికి చెప్పడానికి సిగ్గట్రా వెధవా? నువ్వెలా పుట్టావనుకుంటున్నావ్?"

పిల్లలు ఇంకా కలగలేదు. డాక్టరు పాత రిపోర్టులు రెండూ కొట్టేసి, దాత సంగతి మరిచిపొమ్మన్నాడు, కొంతకాలం చూడమన్నాడు. అమ్మ ఇప్పుడు అన్న టిఫిన్ డబ్బా చేతిలోకి తీసుకున్నా "అమ్మాయ్, ఇది కడగొచ్చా?" అని అడుగుతుంది.

అన్న డిపో నుంచి తెచ్చుకున్న బట్టల సంచిని ఆ రోజే వదిన ఖాళీ చేసి కొట్టుకు పట్టుకుపోయింది. ఇప్పుడందులో కాలిన రాగి తీగ నిండా కుక్కి ఉంది. అన్న మళ్ళీ ఎక్కడికైనా పోవాలంటే ముందు దాన్ని ఖాళీ చేసుకోవాలి.