తాతారావు విజిల్ మీద తెల్లమరక

తాతారావు అనుమానం మనిషి. పాలవాడు పాలు పోస్తుంటే కొలపాత్రలోకి వాడి బొటనవేలు ఎంత దిగిందో చూసేవాడు. బస్సెక్కితే జేబు మీది చెయ్యి తీసేవాడు కాదు. నాంపల్లిలో అద్దెకు దిగిన కొత్తలో ఇంటివాళ్ళు ఆప్యాయంగా గిన్నెడు తీపి పంపిస్తే, అద్దె పెంచుతారేమోనని దిగులుపడుతూనే గిన్నె ఖాళీ చేశాడు. గుడివాడ వైపు పుట్టి, కర్నూల్లో గుమాస్తాగా చేరి, యాభైఆరులో ఆఫీసు సామానుతో పాటు హైదరాబాదులో దిగినవాడు. కొత్త ఊళ్ళో నాలుగు వైపులా చూసుకుని నడవడంలో తప్పేమీ లేదు. కాని ఈయన సొంత ఊళ్ళోనూ అలాగే నడిచేవాడని భార్య శేషారత్నం చెప్పేది.

అలాంటి మనిషి ఫుట్‌బాల్ రెఫరీ అయ్యాడు. కాలేజీ రోజుల్లో ఆడినవాడే. ఇక్కడికి వచ్చాక రెఫరీ పరీక్ష రాసి, లీగు ఆటలకు విజిల్ ఊదడం మొదలుపెట్టాడు. ఒకేసారి ఇరవై ఇద్దరిని అనుమానించమని అధికారమిచ్చే పని లోకంలో ఇంకొకటి ఉందని నేననుకోను. అది ఆయనకు కుట్టించినట్టు సరిపోయింది.

మొదటి విజిల్ కొనడానికి అబిడ్స్‌లో ఆటసామాన్ల కొట్టుకు వెళితే, కొట్టువాడు కుర్చీలోంచి లేవకుండానే షరతు పెట్టాడు. ఊది చూస్తే కొన్నట్టే, ఎంగిలి విజిల్ ఇంకొకరికి అమ్మలేనన్నాడు. ఊదకుండా విజిల్ మంచిదో కాదో తెలిసేదెలా? ఇందులో ఏదో మోసముందని తాతారావు వెనక్కి తిరగబోతుంటే, పక్కన మేజోళ్ళు బేరమాడుతున్న పొడుగాటి మనిషి ఒకడు ఆపాడు.

"ఊదుడు తర్వాత సార్. ముందుగాల చెవి కాడ వెట్టి జర ఊపున్రి," అన్నాడు. "లోపట గోలీ దొర్లినట్టు మెత్తగ తిరగాలె. గలగల అంటె బెండు ఎండిపోయినట్టు. సప్పుడే లేకుంటె ఉబ్బినట్టు."

ఆ మనిషి పేరు రాజమల్లు. జనగామ వైపు నుంచి వచ్చి నాంపల్లి స్టేషన్లో పార్సిళ్ళు మోసేవాడు. సాయంత్రాలు లైన్స్‌మన్‌గా, జెండా పట్టుకుని మైదానం అంచున పరుగెత్తేవాడు. విజిల్ కడుపులోని చిన్న బెండు గోళీయే దాని ప్రాణమనీ, తడిస్తే ఉబ్బి గొంతు పట్టేస్తుందనీ, ఆట అయ్యాక కడిగి బోర్లించి ఆరబెట్టాలనీ చెప్పింది అతనే. రైలు గార్డు విజిల్ గొంతూ, బస్సు కండక్టరు విజిల్ గొంతూ కాకుండా వేరే గొంతున్నది ఎంచుకోమన్నాడు. లేకపోతే రోడ్డు మీద బస్సు కదిలినప్పుడల్లా మైదానంలో ఆట ఆగిపోతుందట.

"నోట్ల కరుసుకొని ఉరకద్దు సార్," అని కూడా అన్నాడు. "చేతిల పట్టుకోన్రి, తాడు వేళ్ళకు చుట్టుకోన్రి. చెయ్యి నోటి దాక వొయ్యే లోపల మన్సు ఒక్కపారి ఆలోచన చేస్తది. నోట్లనే ఉంటె ఆలోచన కన్న ముందుగాల ఊపిరి వోతది."

తాతారావు అన్నీ పాటించాడు. ఒక విజిల్ గుప్పిట్లో, ఇంకొకటి రుమాలులో చుట్టి నిక్కరు జేబులో. అయితే ఇతను ఊరికే ఇన్ని సంగతులు ఎందుకు చెబుతున్నాడా అని చాలాకాలం మనసు పీకుతూనే ఉంది. ఆ పీకుడు తగ్గడానికి ఏళ్ళు పట్టింది. తగ్గాక మాత్రం ఇద్దరూ బాగా కలిసిపోయారు. ఆదివారాలు రాజమల్లు ఇంటికి వచ్చి ముందుగదిలో కూర్చునేవాడు. కాఫీ తాగుతూ జరిగిన ఆటలన్నీ మళ్ళీ ఆడేవారు. ఈ ఊళ్ళో తాతారావు జేబు మీద చెయ్యి పెట్టుకోకుండా మాట్లాడిన మనిషి అతనొక్కడే.

అరవైరెండు వేసవి మొదట్లో వర్తకుల షీల్డు ఫైనల్ తాతారావుకు ఇచ్చారు. మిల్లు జట్టుకూ బ్యాంకు జట్టుకూ ఆట. ఆంధ్ర నుంచి వచ్చిన మనిషికి ఫైనల్ ఏమిటని కమిటీలో కొందరు మూతి ముడుచుకున్నారు. లైను మీద రాజమల్లు ఉంటాడు కదా అని మిగతావాళ్ళు సర్దిచెప్పారు. ఈ ఒక్క ఆట సాఫీగా జరిగితే ఇక తనను ఎవరూ పరాయివాడిగా చూడరు. చెడిందా, ఈ జన్మకు ఇంకో ఫైనల్ రాదు. ఆ వారమంతా తాతారావుకు అన్నం సయించలేదు.

ఫైనల్ నాలుగైదు రోజులుందనగా, ముందుగది అల్మారాలోంచి విజిల్ తీసి అలవాటుగా చెవి దగ్గర ఊపాడు. చప్పుడు లేదు. వేలు పెట్టి తడిమితే తేమ తగిలింది. తాను ఊది చాలా రోజులైంది. కిటికీ దగ్గరకు పట్టుకెళ్ళి చూస్తే, చీలిక అంచున ఎండి పట్టిన తెల్లటి మరక కనిపించింది. బెండు గోళీ దానికి అంటుకుపోయి కదలనంటోంది.

గోటితో గీకితే తెల్లగా పొడి రాలింది. మైదానంలో గీతలకు పోసే సున్నం. ఇంటికి వచ్చేవాళ్ళలో సున్నం చేతులున్నవాడు ఎవడు? ఆటకు ముందు గీతలు సరిచూసేవాడు ఎవడు? మొన్న ఆదివారం ఇదే గదిలో, ఇదే అల్మారా పక్కన కూర్చున్నవాడు ఎవడు? తాను చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళాడు కూడా. పైగా కిందటి వారం అబిడ్స్‌లో పోస్టాఫీసు ఎదురుగా, రాజమల్లు మిల్లు జట్టు కెప్టెన్ భుజం మీద చెయ్యి వేసి నవ్వుతూ కనిపించాడు. అప్పుడు అందులో విశేషమేమీ తోచలేదు. ఇప్పుడు ఆ నవ్వు పళ్ళతో సహా గుర్తొచ్చింది.

అడిగేస్తే పోయేది. కాని అడిగితే దొంగ జాగ్రత్తపడతాడని ఆయన నమ్మకం. రుమాలులోని రెండోదాన్నీ నమ్మలేక, మర్నాడే కొత్త విజిల్ కొని, పడుకున్నా లేచినా బనీను లోపలే దాచుకుని తిరిగాడు. పాతదాన్ని అల్మారాలో పారేశాడు. "ఒంట్లో బాగాలేదా అండీ?" అని శేషారత్నం అడిగితే, "నీకు తెలియదులే, ఊరుకో," అన్నాడు. దారిలో రాజమల్లు ఎదురై, "విజిల్ తయారుగున్నదా సార్?" అని పలకరిస్తే ఒళ్ళు మండిపోయింది. ఎంత గుండెధైర్యం వీడికి, అనుకున్నాడు.

ఆదివారం సాయంత్రం మైదానం జనంతో నిండిపోయింది. తాతారావు కొత్త విజిల్‌ను గుప్పిట్లో బిగించి, తాడు వేళ్ళు కోసుకుపోయేలా చుట్టుకుని పరుగెత్తాడు. రాజమల్లు ఉన్న వైపు చూడకూడదని ముందే నిశ్చయించుకున్నాడు. ఆట రెండో సగానికి వచ్చినా గోలు పడలేదు. అప్పుడు బ్యాంకు జట్టు ఫార్వర్డు ఒకడు మిల్లువాళ్ళందరినీ దాటి ముందే నిలబడి బంతి అందుకున్నాడు. తాతారావు ఓరకంటికి జెండా లేవడం కనిపించింది. ఆఫ్‌సైడ్ అని జెండా చెబుతోంది. చెయ్యి నోటి దాకా వెళ్ళింది. చూశావా, మిల్లువాళ్ళను కాపాడుతున్నాడు, అనిపించింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. బంతి వలలో పడింది. తాతారావు గోలు ఇచ్చాడు. ఆ ఒక్క గోలుతో బ్యాంకు జట్టు షీల్డు పట్టుకుపోయింది.

ఆట ముగియగానే మిల్లు కెప్టెన్ జనాన్ని వెంటేసుకుని రాజమల్లు మీదికి వచ్చాడు.

"జెండ లేపినవ్ గద మల్లన్నా. మేమందరం చూసినం. చెప్పు గీళ్ళకు."

రాజమల్లు తాతారావు వైపు చూశాడు. అప్పటికే రెఫరీ చుట్టూ జనం మూగుతున్నారు. ఒకడి చేతిలో రాయి కూడా ఉంది.

"నేను లేపలే," అన్నాడు రాజమల్లు. "చెమట తుడుసుకున్న. రెఫరీ సార్ ఇచ్చింది సక్కటి గోలు. పోన్రి ఇగ."

కెప్టెన్ అతని కాళ్ళ ముందు ఉమ్మేసి వెళ్ళిపోయాడు. జనం తిట్టుకుంటూ విడిపోయారు. అలా తాతారావు క్షేమంగా బయటపడ్డాడు. బయటపడి, నాంపల్లి దాకా నడుస్తూ ఆయన ఆలోచించింది ఏమిటంటే, వీడు అబద్ధం ఎంత తేలిగ్గా ఆడాడో చూడు, ఇంత తేలిగ్గా ఆడేవాడు విజిల్లో సున్నం పొయ్యడా, అని. ఇలాంటి బుర్రకు ఏం వైద్యముందో ఆ దేవుడికే తెలియాలి.

ఇంటి సందు తిరుగుతుండగా డాబా మీద నుంచి విజిల్ వినిపించింది. కాస్త బొంగురుపోయినా ఆ గొంతు తన పాత విజిల్‌దే. తాతారావు పరుగున మెట్లెక్కాడు. డాబా మీద పరిచిన పాత చీర నిండా పిండివడియాలు. కోతుల గుంపు ఒకటి పిట్టగోడ మీంచి పక్కింటి డాబాకు దూకుతోంది. మధ్యలో శేషారత్నం కొంగు బిగించి, బుగ్గలు పొంగించి విజిల్ ఊదుతోంది. తడి ఆరని వడియాలు తిరగేసిన ఆమె వేళ్ళకు పిండి తెల్లగా అంటుకుని ఉంది.

"ఈ పబ్లిక్ గార్డెన్ కోతులు కర్రకు భయపడవండీ," అంది ఆయన్ని చూసి. "అక్కడ కాపలావాళ్ళు విజిలూది తరుముతారట. ఇది ఊదితే చాలు, పరుగే పరుగు. పోయిన వారం వడియాలు మొదలెట్టిన దగ్గర్నుంచీ, మీరు ఆఫీసుకెళ్ళాక దీనితోనే కాపాడుకొస్తున్నాను."

తాతారావు విజిల్ అందుకుని దాని అంచు చూశాడు, ఆమె వేళ్ళు చూశాడు. "నా విజిల్... నువ్వు నోట్లో పెట్టుకుని..."

"ఏం? మీరు తిన్న కంచంలో తినేదాన్ని, మీ ఎంగిలి నాకు కొత్తా? కడిగే పెడుతున్నాను కదా."

"నాకు చెప్పొద్దూ?"

"మీరు అడిగారా? దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని అంతసేపు చూశారే, ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని."

తాతారావు మెట్లు దిగాడు. స్టేషన్ వెనక రేకుల ఇళ్ళ వరసలో రాజమల్లు గడప ముందు కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాడు. అతని భార్య పోశవ్వ పీట తెచ్చి వేసింది. తాతారావు కూర్చోలేదు.

"నువ్వు జెండా ఎత్తావు, రాజమల్లూ," అన్నాడు.

"ఔ సార్. మీ కండ్లల్ల ఎండ కొట్టింది, కనవడలే. గంతే గద. గిట్ల ఎవ్వరికైన అయితది. ఫికర్ చెయ్యకున్రి."

ఆ గోలు వైపు పరుగెత్తేటప్పుడు ఎండ కొట్టింది తాతారావు వీపు మీద. అది ఆయనకు తెలుసు. ఆ మైదానంలో అన్నేళ్ళు పరుగెత్తిన రాజమల్లుకూ తెలుసు. ఔననేస్తే అక్కడితో అయిపోయేది. పోశవ్వ చాయ్ తెచ్చేది, వచ్చే ఆదివారం మళ్ళీ ఇద్దరూ ముందుగదిలో కూర్చునేవారు. కాని సిగ్గుతో ఆ చిన్న అబద్ధం బయటికి రాలేదు.

"ఎండ కాదు. నా విజిల్లో నువ్వు సున్నం పోశావనుకున్నాను. మిల్లువాళ్ళతో కలిశావనుకున్నాను. అందుకే జెండా చూసి కూడా ఊదలేదు. తీరా అది మా ఆవిడ వడియాల పిండి. నన్ను క్షమించు."

రాజమల్లు చెంబు పక్కన పెట్టాడు. తువ్వాలుతో కాళ్ళు తుడుచుకున్నాడు.

"మీ కోసం నా దోస్తు ముంగట అబద్ధమాడిన సార్," అన్నాడు చివరికి. "ఎండ కొట్టిందనే అనుకుందామని చూసిన. గది గూడ మిగల్చకపోతిరి."

తాతారావు ఆ తర్వాత డెబ్భైల దాకా విజిల్ ఊదాడు. ఫైనల్స్ కూడా ఇచ్చారు. వర్తకుల షీల్డు గోలును కమిటీలో ఎవరూ శంకించలేదు, లైన్స్‌మన్ సాక్ష్యం ఉంది మరి. రాజమల్లు మాత్రం ఆయన ఆటకు మళ్ళీ జెండా పట్టలేదు. కొత్త కొత్త లైన్స్‌మన్లు వచ్చారు. వాళ్ళలో ఎవరు జెండా ఎత్తినా తాతారావు వెంటనే విజిల్ ఊదేవాడు, జెండా తప్పని తన కళ్ళకు కనిపిస్తున్నా సరే.